నిమ్మవాసన టీ సరిగ్గా కుదరాలంటే: కుండీలో గడ్డి నుంచి గ్లాసు దాకా

నిమ్మలో వాసన ఒక చోట ఉంటుంది, పులుపు ఇంకో చోట ఉంటుంది. వాసన తొక్కలోని నూనె తిత్తుల్లోనూ, ఆకుల్లోనూ ఉంటుంది. పులుపు రసంలో ఉంటుంది. ఆ నూనె వేడికి ఆవిరితో పాటు ఎగిరిపోతుంది. రసం ఎంత మరిగినా పులుపు పోదు గానీ తాజా రుచి పోయి ఉడికిన రుచి వస్తుంది. ఇంట్లో నిమ్మ టీ చెడిపోయేది ఎక్కువగా ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే. వాసన ఇవ్వాల్సినదాన్ని మూత లేకుండా పది నిమిషాలు మరిగిస్తారు, చివర్లో పిండాల్సిన రసాన్ని పొయ్యి మీదే పిండేస్తారు.

మన వంటిళ్లలో ఈ తేడా తెలియనిది కాదు. వేసవిలో మజ్జిగలో నిమ్మాకో దబ్బాకో నలిపి వేస్తాం. మజ్జిగకి పులుపు ఎలాగూ ఉంది, కావలసింది వాసన, అందుకే ఆకు. పులిహోరలో రసం దించాక పిండుతాం. టీకీ అదే లెక్క.

నిమ్మవాసన ఇచ్చేవి చాలా ఉన్నాయి. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల సులువుగా దొరికేవి నిమ్మగడ్డి, నిమ్మాకు, నిమ్మ తొక్క, నిమ్మ తులసి. వీటన్నిటిలో ఉమ్మడిగా ఉండే వాసన పదార్థం సిట్రాల్. నిమ్మ తొక్క నూనెలో ఎక్కువ భాగం లిమొనీన్ అనే వేరే పదార్థం, సిట్రాల్ కొద్ది పాళ్లే. నిమ్మగడ్డి నూనెలో మాత్రం సిట్రాలే వందకు 65 నుంచి 85 పాళ్ల దాకా ఉంటుంది. నాలుగు ఆకులు వేస్తే చాలు, గ్లాసంతా నిమ్మవాసన వచ్చేది అందుకే. పైగా గడ్డిలో పులుపు లేదు కాబట్టి పాలు విరగవు. ఇంట్లో ఒక్కటే పెంచుకోవాలనుకుంటే నిమ్మగడ్డే పెంచుకోండి.

ముందు గడ్డిని గుర్తుపట్టండి

నిమ్మగడ్డి, దోమల మందుల్లో వాడే సిట్రొనెల్లా, గులాబీ వాసన వచ్చే పామరోజా ఒకే కుటుంబం. మూడూ సింబోపోగాన్ జాతివే, దూరం నుంచి చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. నర్సరీ బండి మీద "లెమన్‌గ్రాస్" అని చెప్పి సిట్రొనెల్లా చేతిలో పెట్టడం జరుగుతూనే ఉంటుంది. ఆకు చివర ఒక బెత్తెడు తుంచి గట్టిగా నలిపి వాసన చూడండి. అచ్చంగా నిమ్మతొక్క గీరినట్టు ఉంటే తీసుకోండి. దోమల అగరొత్తులు, సబ్బు గుర్తొచ్చేలా ఘాటుగా ఉంటే అది టీకి పనికిరాదు. సిట్రొనెల్లా కాడ మొదలు సాధారణంగా ఎర్రగా ఉంటుంది, వంటకు వాడే నిమ్మగడ్డి మొదలు తెల్లగా, లేతాకుపచ్చగా ఉబ్బుగా ఉంటుంది. అయితే నూనె కోసం పండించే కొన్ని నిమ్మగడ్డి రకాల మొదలు కూడా కాస్త ఎరుపు తిరుగుతుంది. అందుకని రంగు కంటే ముక్కునే నమ్మాలి.

వృక్షశాస్త్రజ్ఞుడు ఒట్టో స్టాఫ్ 1906లో భారత్, సింహళం నూనె గడ్డులను పరిశీలించి వేటికవి విడదీసి రాశాడు. వంటలో ఎక్కువగా వాడేది సింబోపోగాన్ సిట్రాటస్. మలబారు తీరంలో నూనె తీసేది సింబోపోగాన్ ఫ్లెక్సుయోసస్. దాని నూనె కొచ్చి రేవు నుంచి ఓడలెక్కి యూరప్ వెళ్లేది. 1893లో జర్మన్ రసాయనజ్ఞులు టీమాన్, క్రూగర్ సిట్రాల్ నుంచి వయొలెట్ పూల వాసన గల అయొనోన్ తయారు చేశాక అత్తరు పరిశ్రమకు సిట్రాల్ ముఖ్యమైన ముడిసరుకైంది. కేరళలోని ఓడక్కాలిలో ఈ గడ్డి మీద పరిశోధనకు 1951లో కేంద్రం పెట్టారు. లక్నోలో ఔషధ, సుగంధ మొక్కల మీద పరిశోధన చేసే సీమ్యాప్ సంస్థ విడుదల చేసిన నిమ్మగడ్డి రకాల్లో ఒకదాని పేరు "కృష్ణ". నూనె సంగతి అలా ఉంటే, తాగే అలవాటు ఎక్కువగా పడమటి రాష్ట్రాల్లో కనిపిస్తుంది. మహారాష్ట్రలో గవతీ చహా, గుజరాత్‌లో లీలీ చాయ్ అంటే పాల టీలో ఈ గడ్డి వేసి కాచినదే. బ్రెజిల్‌లో పాలు లేకుండా ఉత్త కషాయంగా తాగుతారు.

కుండీలో పెంచడం

విత్తనం కోసం వెతకొద్దు, పిలక నాటితే చాలు. పెరిగిన దుబ్బు ఉన్నవాళ్లని అడిగితే వేళ్లతో సహా రెండు మూడు పిలకలు విడదీసి ఇస్తారు. లేదంటే కడియం నుంచి వచ్చే మొక్కల బండ్ల దగ్గర దొరుకుతుంది. కూరగాయల దుకాణంలో కాడల కట్ట దొరికితే, మొదలు చెక్కు చెదరని కాడలు ఏరి, అంగుళం నీళ్లున్న గ్లాసులో నిలబెట్టి, నీళ్లు రెండు రోజులకోసారి మార్చండి. రెండు మూడు వారాల్లో వేళ్లు వస్తాయి. మొదలు అడ్డంగా కోసేసిన కాడలకు రావు.

నాటడానికి మంచి కాలం తొలకరి. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో నాటితే వానలకి దుబ్బు కడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో కొత్త పిలక నిలవదు.

కుండీ కనీసం పన్నెండు అంగుళాలది తీసుకోండి, పద్నాలుగు అయితే ఇంకా మంచిది. అడుగున బెజ్జాలు తప్పనిసరి. ఇక్కడే మన నేలతో ఇబ్బంది ఉంది. కృష్ణా, గుంటూరు నల్లరేగడి నీళ్లు పట్టుకుని వదలదు, ఎండితే బిగుసుకుపోయి బీటలిస్తుంది. నిమ్మగడ్డి ఎండను ఓర్చుకుంటుంది గానీ వేళ్ల దగ్గర నిలిచిన నీటిని ఓర్చుకోదు, మొదలు కుళ్లిపోతుంది. అందుకని నల్లమట్టి ఒక్కటే వేయకండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలపండి. నేలలో పెడుతుంటే జానెడు ఎత్తు మిట్ట చేసి దాని మీద, మొక్కకీ మొక్కకీ రెండడుగులు వదిలి నాటండి.

పిలక ఆకులను పై నుంచి సగానికి కత్తిరించి రెండు మూడు అంగుళాల లోతున నాటి, చుట్టూ మట్టి అదిమి నీళ్లు పోయండి. సగానికి ఎందుకంటే, వేళ్లు ఇంకా నీళ్లు తాగలేని రోజుల్లో పొడుగు ఆకుల నుంచి తేమ పోతే పిలక వాడిపోతుంది. మొదటి పది రోజులు నీడ తగిలే చోట ఉంచి, తర్వాత రోజుకి ఆరు గంటల ఎండ పడేలా మార్చండి. నీడలో పెరిగిన గడ్డి పచ్చగా, ఏపుగా కనిపిస్తుంది గానీ వాసన పలుచగా ఉంటుంది.

నీళ్లు: వేసవిలో రోజూ, డాబా మీద కుండీ అయితే ఏప్రిల్, మే నెలల్లో ఉదయం సాయంత్రం రెండుసార్లు. చలికాలంలో మట్టి వేలితో చూసి, ఒక అంగుళం లోతు పొడిగా తగిలితేనే. ఎరువు రెండు నెలలకోసారి రెండు గుప్పిళ్లు చాలు.

ఆకుల మీద తుప్పు రంగు చారలు, మచ్చలు వస్తే అది తుప్పు తెగులు. గాలి ఆడని దుబ్బుకి ముసురు రోజుల్లో వస్తుంది. మచ్చలున్న ఆకులన్నీ కోసి పారేయండి, టీకి వాడకండి. దుబ్బు మధ్యలో ఎండుటాకులు పేరుకోకుండా లాగేస్తుంటే చాలా వరకు రాదు. మూడు నాలుగేళ్లకోసారి దుబ్బుని పూర్తిగా పెకలించి, అంచున ఉన్న బలమైన పిలకలే మళ్లీ నాటాలి. నడిమి భాగం ముదిరిపోయి ఆకులు సన్నబడతాయి.

కోయడం, ఆరబెట్టడం

మొదటి కోత నాటిన మూడు నాలుగు నెలలకి, ఆ తర్వాత నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి. మట్టికి నాలుగైదు అంగుళాల పైన కోయండి. ఇంకా కిందికి కోస్తే పెరిగే మొగ్గ తెగి ఆ పిలక చస్తుంది. రోజువారీ గ్లాసు టీకి అయితే దుబ్బంతా కోయక్కర్లేదు, బయటి వైపు ముదురాకులు నాలుగు కత్తెరతో తీసుకుంటే సరి. ఆకు అంచు రంపంలా ఉంటుంది. చేత్తో లాగితే వేళ్లు తెగుతాయి. పిల్లలకి ఈ పని చెప్పకండి.

నిల్వకు కోసేటప్పుడు మంచు ఆరాక, ఎండ ముదరకముందు, అంటే ఉదయం తొమ్మిది ప్రాంతంలో కోయండి. కడిగి, పొడిగుడ్డతో తడి పూర్తిగా అద్ది, కత్తెరతో అర అంగుళం ముక్కలుగా కత్తిరించి, శుభ్రమైన నూలుగుడ్డ మీద పలుచగా పరిచి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెట్టకూడదు. డాబా మీద ఒరుగులు, వడియాలు ఎండబెట్టే అలవాటుతో చాలామంది దీన్నీ అక్కడే పరుస్తారు. సాయంత్రానికి రంగు వెలిసి, నూనె ఎగిరి, ఉత్త ఎండుగడ్డి మిగులుతుంది. గదిలో ఫ్యాన్ కింద ఏప్రిల్‌లో రెండు రోజులు, చలికాలంలో నాలుగు రోజులు పడుతుంది. రోజుకి రెండుసార్లు కలియబెట్టండి.

జూలై నుంచి నవంబరు దాకా, ముసుర్లు, తుపాన్ల కాలంలో మన గాలిలో తేమ ఎక్కువ. అప్పుడు ఆరబెట్టే పని పెట్టుకోవద్దు. ముక్క మెత్తగా వంగుతుండగానే డబ్బాలో పోస్తే పది రోజుల్లో బూజు పడుతుంది. బూజు పట్టినదాన్ని వేయించి వాడొచ్చనే ఆలోచన వద్దు, మొత్తం పారేయండి. వేళ్ల మధ్య నలిపితే ఫటుక్కున విరగాలి, అప్పుడే ఆరినట్టు. ఆ వానాకాలానికి పచ్చి ఆకుని ముక్కలు చేసి జిప్ కవర్లో డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోవడం మేలు. తీసినవి తీసినట్టు మరిగే నీళ్లలో వేయొచ్చు.

కేజీ పచ్చి ఆకు ఎండితే పావుకేజీకి అటూ ఇటూ వస్తుంది. గాజు సీసాలోనో గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలోనో పోసి, పొయ్యి పక్క గట్టు మీద కాకుండా చీకటి అలమరలో పెట్టండి. ఆరు నెలల్లో వాడేయండి. ఆ తర్వాత చెడిపోదు గానీ వాసన సగమైపోతుంది. పచ్చడి, ఇంగువ, మసాలా డబ్బాల పక్కన మాత్రం పెట్టొద్దు.

ఉత్త నిమ్మగడ్డి టీ, రెండు గ్లాసులకి

కావలసినవి: నీళ్లు 400 మిల్లీలీటర్లు, పచ్చి ఆకులు ఏడెనిమిది లేదా ఎండు ముక్కలు రెండు టీస్పూన్లు, అల్లం చిటికెన వేలి గోరంత ముక్క, బెల్లమో తేనో మీ ఇష్టం.

1. గిన్నె స్టీలుదో గాజుదో తీసుకోండి. కళాయి లేని ఇత్తడి, రాగి, అల్యూమినియం వద్దు, తర్వాత నిమ్మరసం పిండేది ఉంది.
2. నీళ్లు అల్లంతో సహా తెర్లనివ్వండి, రెండు నిమిషాలు.
3. ఆకులను కడిగి, ముడివేసి, రోటి బండతో ఒక దెబ్బ వేయండి. నూనె తిత్తులు చితికితేనే వాసన నీళ్లలోకి దిగుతుంది. కత్తెరతో సన్నగా కోసినా సరే.
4. పొయ్యి ఆపండి. ఆపాకే ఆకు వేయండి. వెంటనే మూత పెట్టండి.
5. పచ్చి ఆకు ఎనిమిది నిమిషాలు, ఎండుది ఆరు నిమిషాలు. మూత తీసి చూడొద్దు.
6. మూత లోపలి వైపు పట్టిన నీటి చుక్కల్లో వాసన నూనె ఉంటుంది, వాటినీ గిన్నెలోకే వంచి వడకట్టండి.
7. బెల్లం వేడి మీద కలపండి. తేనె, నిమ్మరసం మాత్రం నోరు ఓర్చుకునే వేడికి దిగాక.

ఇది లేత పసుపు రంగులో ఉంటుంది. టీపొడి రంగు అలవాటైన కళ్లకి పలుచగా కనిపించి, ఇంకాసేపు మరిగిద్దామనిపిస్తుంది. మరిగిస్తే రంగు పెరుగుతుంది, వాసన పోతుంది. ఆకు కాకుండా తెల్లటి కాడ వాడుతుంటే లెక్క మారుతుంది. కాడ గట్టిది కాబట్టి చితగ్గొట్టి, మూత పెట్టి సన్నసెగ మీద ఐదు నిమిషాలు ఉంచాలి.

నీళ్ల సంగతి కూడా చూసుకోండి. బోరు నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువుంటే టీపొడి వేసిన టీ మీద నూనె తెట్టులాంటి పొర కడుతుంది, రుచి మొద్దుగా ఉంటుంది. నిమ్మరసం రెండు చుక్కలు పడితే ఆ పొర కరిగిపోతుంది. మునిసిపల్ కుళాయి నీళ్లో, ఫిల్టరు నీళ్లో వాడితే మొదటి నుంచీ ఆ బాధ లేదు.

పాల టీలో గడ్డి

ఒకటిన్నర గ్లాసు నీళ్లలో దంచిన అల్లం వేసి బాగా మరగనివ్వండి. రెండు టీస్పూన్ల టీపొడి, పంచదార వేసి రెండు నిమిషాల తర్వాత ఒక గ్లాసు కాచిన పాలు పోయండి. ఒక పొంగు రాగానే దంచిన నిమ్మగడ్డి ఆకులు నాలుగు వేసి, పొయ్యి ఆపి, మూత పెట్టి నాలుగు నిమిషాలు ఉంచి వడకట్టండి. పాలల్లోని కొవ్వు సిట్రాల్‌ను పట్టుకుంటుంది, అందుకే పాల టీలో వాసన గుండ్రంగా, మెత్తగా వస్తుంది.

ఇందులో పాలు విరిగితే గడ్డిని తప్పుపట్టకండి. అల్లంలో పాల ప్రోటీన్లను విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది. పచ్చి అల్లం నేరుగా పాలల్లో వేస్తే విరుగుతాయి, నీళ్లలో ముందే మరిగిస్తే ఆ ఎంజైమ్ పనిచేయదు. బెల్లం కూడా ఒక్కోసారి పాలు విరిచేస్తుంది, దించాక గ్లాసులో కలుపుకోండి. ఇక నిమ్మరసం పాల టీలో ఏ పద్ధతిలోనూ కుదరదు.

నిమ్మరసంతో బ్లాక్ టీ

బడ్డీల దగ్గర "లెమన్ టీ" అని ఇచ్చేది ఇదే. ఇందులో టీపొడి ఉంది, కెఫీన్ ఉంది. రాత్రి నిద్ర పట్టనివాళ్లు ఉత్త నిమ్మగడ్డి టీ వైపు వెళ్లాలి. టీలో నిమ్మ వేసుకునే అలవాటు రష్యాలో బాగా స్థిరపడింది, అక్కడ తొక్కతో సహా ముక్క కోసి గ్లాసులో వేస్తారు. వాళ్లు వాడేది మందపాటి తొక్క ఉన్న పసుపు లెమన్. మనది పలుచటి తొక్క కాగితపు నిమ్మ. దాన్ని తొక్కతో సహా వేడి టీలో నానబెడితే చేదెక్కుతుంది. కాబట్టి మనం పిండుకోవడమే మంచిది.

200 మిల్లీలీటర్ల నీళ్లకి ముప్పావు టీస్పూను టీపొడి. నీళ్లు మరిగాక పొయ్యి ఆపి, పొడి వేసి, మూత పెట్టి రెండు నిమిషాలే. పాల టీకి మరిగించినట్టు మరిగిస్తే వగరు దిగుతుంది, ఆ వగరుకి పులుపు తోడైతే నాలుక ముడుచుకుపోతుంది. వడకట్టి, తీపి కలిపి, గ్లాసులో పోసుకున్నాక అర టీస్పూను నుంచి ఒక టీస్పూను రసం. ముదురు ఎరుపు కాస్తా లేత బంగారు రంగుకి తిరుగుతుంది. పులుపుకి టీలోని రంగు పదార్థాలు మారడం వల్ల అలా అవుతుంది, పలుచబడిందని కాదు. చిటికెడు నల్ల ఉప్పు, పుదీనా ఆకులు రెండు మీ ఇష్టం.

కాయ ఎంపికలో, తెనాలి, ఏలూరు మార్కెట్ల నుంచి వచ్చే కాయల్లో పలుచటి నునుపు తొక్క ఉండి, చేతికి బరువుగా తగిలేవి ఏరుకోండి. మరీ గట్టిగా పిండొద్దు. గింజ నలిగినా, లోపలి తెల్లపొర పిండినా చేదు వస్తుంది. పిండి పెట్టిన రసం గంటల తరబడి నిలిచినా చేదెక్కుతుంది, అప్పటికప్పుడే పిండండి.

పెళ్లికో ఫంక్షన్‌కో ఎక్కువ కాయలు పిండినవాళ్లు చేతులు సబ్బుతో కడుక్కోకుండా మన ఎండలోకి వెళ్లకూడదు. నిమ్మ తొక్కలో ఉండే ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే మరునాటికి బొబ్బలు, ఆ తర్వాత వారాల పాటు నల్లమచ్చలు వస్తాయి.

ఆకు, తొక్క, పూలు

నిమ్మాకు టీకి లేత ఆకులు మూడు చింపి, ఈనె తీసేసి, నిమ్మగడ్డి లాగే పొయ్యి ఆపాక వేయండి. నాలుగు నిమిషాలు దాటితే చేదు. తొక్క వాడాలంటే కాయని ఉప్పు రుద్ది గోరువెచ్చటి నీళ్లతో కడిగి, సన్న తురుముకోరుతో ఆకుపచ్చ పొర మాత్రమే గీరండి. తెల్లది వచ్చిందంటే చేదు వచ్చినట్టే. గ్లాసుకి పావు టీస్పూను తురుము చాలు. ఎక్కడ పండిందో తెలియని, మెరుపు కోసం మైనం పూసిన కాయల తొక్క వాడకండి.

శంఖుపుష్పం తీగ ఇంట్లో ఉంటే ఐదారు ఎండు పూలు నిమ్మగడ్డితో కలిపి నానబెట్టండి. నీలం రంగు టీ వస్తుంది, నిమ్మరసం నాలుగు చుక్కలు పడగానే ఊదాకి తిరుగుతుంది. పిల్లలు ఇష్టంగా తాగుతారు.

మెలిస్సా, లెమన్ వెర్బీనా యూరప్‌లో బాగా వాడే నిమ్మవాసన ఆకులు. మెలిస్సా మధ్యధరా ప్రాంతానిది, వెర్బీనా దక్షిణ అమెరికా నుంచి పద్దెనిమిదో శతాబ్దంలో స్పెయిన్ వాళ్ల ద్వారా యూరప్ చేరింది. మెలిస్సా మన వేసవికి మాడిపోతుంది, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మాత్రం కుండీలో పెంచుకోవచ్చు. వాటి కోసం ఆరాటపడటం కంటే నిమ్మ తులసి నాటుకోవడం తెలివైన పని.

వేసవి కూజా, ఒక లీటరుకి

పచ్చి నిమ్మగడ్డి ఇరవై గ్రాములు, దంచిన అల్లం పది గ్రాములు, బెల్లం అరవై గ్రాములు, నిమ్మకాయలు రెండు, ఉప్పు పావు టీస్పూను. చల్లబడ్డాక రుచి పలుచబడుతుంది కాబట్టి గడ్డి కాస్త ఎక్కువే వేస్తాం. అర లీటరు నీళ్లలో పైన చెప్పినట్టే మూత పెట్టి పది నిమిషాలు నానబెట్టి, వడకట్టి, బెల్లం, ఉప్పు కరిగించి, మిగతా అర లీటరు చల్లటి నీళ్లు కలపండి. పూర్తిగా చల్లారాకే నిమ్మరసం. ఒక టీస్పూను సబ్జా గింజలు విడిగా కప్పు నీళ్లలో పావుగంట నానబెట్టి వేసుకోవచ్చు. ఫ్రిజ్‌లో ఒక రోజుకి మించి ఉంచొద్దు. ఎండకి దాహం తీరుస్తుంది గానీ వడదెబ్బ తగిలినవాళ్లకి ఇది మందు కాదు. వాళ్లని వెంటనే చల్లటి చోటికి చేర్చి ఒంటిని తడపాలి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. విరేచనాలై నీరసించినవాళ్లకైతే ఓఆర్ఎస్ ఇవ్వాలి.

ఒంటికి ఏం చేస్తుంది, ఏం చేయదు

నిమ్మకి ఆరోగ్యం పేరు తెచ్చిన సంఘటన 1747లో జరిగింది. సాలిస్‌బరీ అనే ఓడలో వైద్యుడు జేమ్స్ లిండ్, విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ రోగం పట్టిన పన్నెండు మంది నావికులను ఇద్దరిద్దరి చొప్పున విడదీసి ఒక్కో జంటకి ఒక్కో వైద్యం ఇచ్చాడు. నారింజలు, నిమ్మ తిన్న ఇద్దరూ అందరికంటే త్వరగా కోలుకున్నారు. బ్రిటిష్ నౌకాదళం 1795లో నిమ్మరసం ఇవ్వడం మొదలుపెట్టాక స్కర్వీ దాదాపు పోయింది. తర్వాత 1860లలో లెమన్ మానేసి మన కాగితపు నిమ్మ జాతికి చెందిన లైమ్ రసానికి మారారు. దానిలో విటమిన్ సి తక్కువ. పైగా గాలి తగిలి, రాగి గొట్టాల గుండా వెళ్లి ఉన్నది కూడా పోయేది. 1875లో ఉత్తరధ్రువం వైపు వెళ్లిన బ్రిటిష్ బృందానికి లైమ్ రసం వెంట ఉన్నా స్కర్వీ పట్టుకుంది. రాగి గిన్నె వద్దన్నదానికి ఇదీ ఒక కారణం.

ఈ లెక్కన మన గ్లాసులో విటమిన్ సి ఎంత ఉంది? అరచెక్క నిమ్మ పిండితే పది మిల్లీలీటర్ల రసం, అందులో సుమారు మూడు మిల్లీగ్రాములు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన రోజు అవసరం మగవాళ్లకి 80, ఆడవాళ్లకి 65 మిల్లీగ్రాములు. విటమిన్ సి కోసం లెమన్ టీ తాగనక్కర్లేదు, ఒక జామకాయ తినండి. నిమ్మగడ్డి కషాయంలో అయితే చెప్పుకోదగ్గ విటమిన్ సి ఉండదు.

నిజమైన లాభాలు వేరే ఉన్నాయి. భోజనం కాగానే టీపొడి టీ తాగితే అందులోని టానిన్లు ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. రక్తహీనత ఉన్న ఆడవాళ్లకి ఇది చిన్న సంగతి కాదు. భోజనం తర్వాత వేడిగా ఏదైనా తాగాలనిపిస్తే టీపొడి లేని గడ్డి టీలో రసం పిండుకోండి, పులుపు ఇనుముకి సాయం చేస్తుంది. రోజుకి నాలుగు పాల టీలు తాగేవాళ్లు రెండింటి బదులు చక్కెర లేని గడ్డి టీ తాగితే ఆ రెండు గ్లాసుల పంచదార, కెఫీన్ తగ్గుతాయి. జలుబు చేసినప్పుడు వేడి ఆవిరి, వెచ్చటి ద్రవం గొంతుకి హాయినిస్తాయి.

కొవ్వు కరిగిస్తుందనీ, ఒంట్లోని విషాలు కడిగేస్తుందనీ చెప్పే మాటలకు ఆధారం లేదు. నిద్ర సంగతీ అంతే. నిద్రకు మంచిదని బ్రెజిల్‌లో బాగా నమ్ముతారు. అక్కడి పరిశోధకులే 1986లో మనుషుల మీద పరీక్షించి, నిద్ర తెప్పించే గుణం గానీ ఆందోళన తగ్గించే గుణం గానీ కనిపించలేదని ప్రచురించారు. రాత్రి కెఫీన్ లేని వెచ్చటి గ్లాసు తాగడం వల్ల కలిగే హాయి మాత్రం ఉంది.

మూత్రపిండాల్లో కాల్షియం రాళ్లు వచ్చే గుణం ఉన్నవాళ్లకి నిమ్మరసంలోని సిట్రేట్ మేలు చేస్తుంది, కానీ దానికి రోజుకి సుమారు వంద మిల్లీలీటర్ల పైన రసం, దండిగా నీళ్లు కావాలి. టీలో పిండే చెంచాడు సరిపోదు, డాక్టరు లెక్క ప్రకారం వెళ్లాలి.

కారం దండిగా తినే ఊళ్లు మనవి. గ్యాస్, గుండెల్లో మంట, పుండు ఉన్నవాళ్లు పరగడుపున నిమ్మరసం టీ మానేసి ఉత్త గడ్డి టీ తాగాలి. నిమ్మ పులుపు పంటి మీది ఎనామెల్‌ను మెత్తబరుస్తుంది. తాగాక నోరు నీళ్లతో పుక్కిలించండి, అరగంట దాకా పళ్లు తోమొద్దు. గర్భిణులు నిమ్మగడ్డి రోజువారీగా తాగే ముందు డాక్టర్ని అడగాలి. బీపీ, షుగరు మందులు వాడేవాళ్లూ అంతే. థైరాయిడ్ మాత్ర వేసుకున్నాక కనీసం అరగంట ఏ టీ తాగకూడదు. సీసాల్లో అమ్మే నిమ్మగడ్డి నూనె టీలో చుక్క కూడా వేయొద్దు, అది అత్తరుకీ, పూతకీ ఉద్దేశించిన గాఢమైన సరుకు.

కొనేటప్పుడు

"లెమన్ టీ" పొడి ప్యాకెట్ వెనక పదార్థాల వరుస చదవండి. బరువులో ఎక్కువున్నది ముందు రాయాలన్నది నియమం. మొదటి పేరు చక్కెర అయితే మీరు కొంటున్నది టీ వాసన పట్టించిన చక్కెర. ఎండు నిమ్మగడ్డి ప్యాకెట్లో ఆకుపచ్చ రంగు నిలిచి ఉండాలి, కవరు విప్పగానే వాసన ముక్కుకి తగలాలి. గోధుమ రంగు తిరిగి, దుమ్ములా ఉన్నది ఎండలో ఎండబెట్టిందో, ఏడాది దాటిందో. విడిగా అమ్మే మూలికల దుకాణంలో అయితే గుప్పెడు చేతిలోకి తీసుకుని నలిపి వాసన చూశాకే తూకం వేయించుకోండి.